కొత్త కమ్మీ

మార్చి 2, ఆదివారం

పత్రిక వచ్చింది. నా వ్యాసం మొట్టమొదట వేశారు. రెండేళ్ళ చాకిరీ. ఉదయం నుంచి నాలుగుసార్లు తిరగేశాను, నా పేరున్న పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగాను. ఇక్కడ అబద్ధమెందుకు, మురిసిపోయాను.

అచ్చుకు ముందు వ్యాసాన్ని చదివి తప్పులు పట్టే పరిశీలకుడు ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. అయినా నా మీద పాత కక్ష ఉన్నవాడిలా పేరా పేరాకీ ఒక కొర్రీ వేశాడు. "కిటికీ కమ్మీ కొత్తదని సాక్షి-4కు ఎలా తెలుసు?" అని పట్టిందే పట్టు. ఒళ్ళు మండి ఫుట్‌నోట్‌లో ఒక వాక్యం కలిపాను. "ఆ కమ్మీని అతికించినది సాక్షి-4 స్వయంగా." దాంతో ఆయన నోరు మూతపడింది. వ్యాసం మొత్తంలో అంత గట్టి వాక్యం ఇంకొకటి లేదు.

సంగతిని అచ్చు భాషలో కాకుండా ఇక్కడ మామూలుగా రాసి పెట్టుకుంటాను. ఫోను దొంగిలించాడని ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. తెల్లారేసరికి చచ్చిపోయి ఉన్నాడు. లాకప్ కిటికీ కమ్మీకి చొక్కా కట్టి ఉరేసుకున్నాడని పోలీసులు రాసుకున్నారు. ఆ కిటికీకి కమ్మీ లేదు. వేలు దూరని ఇనుప వల ఉండేది. కుర్రాడు పోయాక, ఆ పొద్దున, ఒక వెల్డర్‌ని జీపులో తీసుకెళ్ళి వల పీకించి అడ్డంగా కమ్మీ వేయించారు. తుప్పు రంగు కూడా అతనిచేతే పూయించారు. కుర్రాడి తల్లి కాళ్ళరిగేలా తిరిగి తిరిగి చివరకు ఒక రిటైర్డ్ జడ్జితో విచారణ వేయించింది. ఈ నెల 24న మొదలు.

ఆ వెల్డర్ మా గేటు అతికించడానికి వచ్చినవాడే. అక్క పిలిపించింది. నోరు పెద్దది, ఎవరితోనూ పడదు, తన అతుకును తనే మెచ్చుకుంటాడు. కుర్రాడు పోయిన కొన్నాళ్ళకు గేటు సరిచేయడానికి మళ్ళీ వచ్చినప్పుడు, నేను లా కాలేజీలో పాఠాలు చెబుతానని తెలిసి, టీ తాగుతూ ఇదంతా చెప్పేశాడు. "రాసుకోండి సార్. నా చేత్తో వేసిన అతుకుని నేను గుర్తుపట్టనా?" అన్నాడు. పేరు రాయనని మాటిచ్చాను. రాయలేదు. సాక్షి-4 అన్నాను. స్టేషన్‌ని స్టేషన్-బి అన్నాను.

స్టేషన్-బి ఇన్‌స్పెక్టర్ మా బావ. ఆయన ఇంటి పై గదిలోనే ఉంటున్నాను, ఆయన ఇంటి అన్నమే తింటున్నాను. అయినా భయమేం లేదు. "నీ పత్రికని చదివేది ఇద్దరే బావమరిదీ. రాసినవాడూ, అచ్చుతప్పులు దిద్దేవాడూ" అని ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు.

అక్క భోజనానికి పిలిచింది. కనుబొమ మీద ప్లాస్టర్ ఉంది. అలమారా తలుపు తగిలిందట. చూసుకోవాలి కదక్కా అన్నాను.

మార్చి 4

డీన్ వరండాలో ఆపి చెయ్యి కలిపాడు. "ధైర్యం చేశారండీ" అన్నాడు. ఏం ధైర్యం? పై గదిలో ఫ్యాను కింద కూర్చుని రాశాను.

మార్చి 8, శనివారం

కాలేజీ నుంచి వస్తూ వెల్డర్ షాపు మీదుగా వచ్చాను. పత్రిక ఒకటి ఇద్దామనుకున్నాను. షట్టర్ సగం దించి ఉంది. లోపల సగం కోసిన గొట్టం, నేల మీద అతని కళ్ళద్దాలు.

పక్క పంక్చర్ షాపతను పైకి చూడకుండానే చెప్పాడు. "జీపొచ్చింది సార్. చేతిలో పని కింద పెట్టనివ్వలేదు. జుట్టు పట్టుకుని ఎక్కించారు."

"ఎందుకట?"

"వాళ్ళు చెప్తారా, మనం అడుగుతామా?"

అతని నోరు ఊరుకోదు. ఎవడితోనో గొడవ పడి ఉంటాడు. పోయిన నెలే ఇనుప సామాన్ల షాపువాడిని చొక్కా పట్టుకున్నానని తనే చెప్పాడు. అదే అయి ఉంటుంది.

మార్చి 9

మళ్ళీ చదివాను. "అతికించినది సాక్షి-4 స్వయంగా." వెల్డర్ అని ఎక్కడా అనలేదు. వీధి లేదు, వయసు లేదు. పరిశోధనా నైతికత మీద ఏటా క్లాసు తీసుకునేవాడిని, నాకు తెలియదా? పేరు లేకుండా అంకె మాత్రమే ఇచ్చాను.

ఆ కమ్మీ అతికించినవాడు ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. పిలిపించినవాళ్ళకు వాడెవడో తెలుసు.

ఇనుప సామాన్ల షాపు గొడవే అయి ఉంటుంది.

మార్చి 10, సోమవారం

బావ పైకి వచ్చాడు. ఆయన మెట్లెక్కి నా గదికి రావడమే అరుదు. చేతిలో పత్రిక. మంచం మీద కూర్చుని చెప్పులు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళకి నీ రాతలు చదివాం బావమరిదీ. మా లాయరు ఇచ్చాడు. చాలా శ్రద్ధగా రాశావు."

చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాను.

"ఆ కింద చిన్నక్షరాల్లో రాస్తారు చూడు, అది బాగుంది. మాకు వెతుక్కునే పని తప్పించావు. లేకపోతే సెంట్రీని అనుమానించేవాళ్ళం, పాపం, పిల్లలు గలవాడు."

"బావా, అతన్ని ఎక్కడ ఉంచారు?"

"ఎవర్ని? నువ్వు పేరు రాయలేదుగా." నవ్వాడు. నిజంగా సరదాగా నవ్వాడు. "కుడి చెయ్యి అయిపోయింది. మొండి వెధవ. కమ్మీ మొదట్నుంచీ ఉందని ఒక్క సంతకం చెయ్యమంటే చెయ్యడు. ఇక చేసే చెయ్యి కూడా లేదనుకో."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బావ లేచి నా కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు.

"పత్రికల్లో సవరణ అని వేస్తారట కదా? తప్పు రాశాం, ఆ సాక్షి మాట నమ్మదగింది కాదు అని. ఆ జడ్జి కూర్చునేలోగా అది రావాలి. వాడి సంతకం కన్నా నీ సంతకానికే విలువెక్కువ. నువ్వు పెట్టు, వాణ్ణి వదిలేస్తాం. పెట్టకపోతే ఎడమ చెయ్యి ఉంది. అదీ అయిపోతే ఇంకా చాలా ఉంటాయి మనిషికి."

చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "రేపు స్టేషన్‌కి రా. వచ్చి చూసుకో. ఇంట్లో కూర్చుని రాయడం కాదు."

మార్చి 11, మంగళవారం

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఆపగలననుకున్నాను కాబోలు.

ముందు గదిలో అంతా మామూలుగానే ఉంది. ఒకావిడ పోయిన పర్సు గురించి చెబుతోంది, రైటరు తల ఊపుతూ రాసుకుంటున్నాడు. వెనక వరండాలో నీళ్ళ డ్రమ్ము, దాని పక్కన సైకిళ్ళు. ఆ చివర గది. తలుపు తీయగానే వాసన కొట్టింది, చెమట, ఉచ్చ, కాలిన రబ్బరు.

వెల్డర్‌ని బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒక కానిస్టేబుల్ వెనక నుంచి మెడ పట్టుకున్నాడు. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దాన్ని చెయ్యి అనాలని నాకు కాసేపటిదాకా తోచలేదు. గోళ్ళు లేవు. వేళ్ళు ఎటు వంగకూడదో అటు వంగి ఉన్నాయి.

"మీ ప్రొఫెసర్ వచ్చాడు" అన్నాడు బావ.

వెల్డర్ తల ఎత్తాడు. ముఖం నా వైపు కాకుండా గోడ వైపు తిరిగింది. "వచ్చారా సార్? చెప్పండి వీళ్ళకి. అచ్చయిపోయిందని చెప్పండి. నన్ను చంపితే మాత్రం, అచ్చులో ఉన్నది ఎవడు చెరుపుతాడు?"

"కమ్మీ ఎవరు వేశారు?" బావ అడిగాడు, నన్ను కాదు.

"నేనే. నీ కళ్ళ ముందే వేశా."

ఎడమ చెయ్యి బల్ల మీద పరిచారు. ఇంకొకడు మణికట్టు మీద మోకాలు ఆనించాడు. బావ లాఠీ తీసుకోలేదు, సుత్తి తీసుకున్నాడు. అతని షాపులోదే. పిడికి అతను చుట్టుకున్న నీలం గుడ్డ అలాగే ఉంది. చిటికెన వేలితో మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకు వెల్డర్ అరవలేదు, గాలి లోపలికి పీల్చుకుని ఉండిపోయాడు. రెండోదానికి అరిచాడు. మనిషి గొంతు అలా కూడా వస్తుందని నాకు తెలియదు. ముందు గదిలో ఆవిడ పర్సు రంగు చెబుతూనే ఉంది.

నేను ఆపండి అన్నానా? అన్నాననే గుర్తు. గట్టిగా అన్నట్టు గుర్తు లేదు.

బయట కాలవలో కక్కుకున్నాను. కానిస్టేబుల్ చెంబుతో నీళ్ళు తెచ్చి మర్యాదగా వీపు రాశాడు. "మొదట్లో అందరికీ ఇంతే సార్" అన్నాడు.

మార్చి 12

పంపించేశాను.

"సాక్షి-4 వాంగ్మూలం పునఃపరిశీలనలో విశ్వసనీయంగా తేలనందున, ఆ వాంగ్మూలాన్నీ దానిపై ఆధారపడిన నిర్ధారణలనూ రచయిత ఉపసంహరించుకుంటున్నారు."

ఒక్క వాక్యం. రాయడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. "అబద్ధం" అనే మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాను. మనిషి ప్రాణం ముఖ్యం, వ్యాసానిదేముంది. ఎవరైనా ఇదే చేస్తారు.

సంపాదకుడు ఫోన్ చేశాడు. "ఎవరైనా ఒత్తిడి చేశారా? చెప్పండి, వేయను."

"లేదండీ. నా పొరపాటే" అన్నాను.

సాయంత్రానికల్లా పత్రిక వెబ్‌సైట్‌లో పెట్టేశారు.

మార్చి 13

వదిలేశారు. ఆసుపత్రి గేటు దగ్గర జీపులోంచి తోసి పోయారట. బతికే ఉన్నాడు.

బతికే ఉన్నాడు. నేనే బతికించుకున్నాను.

మార్చి 14, శుక్రవారం

బావ హుషారుగా ఉన్నాడు. భోజనం దగ్గర నా కంచంలో తనే వడ్డించాడు. "చదువుకున్నవాడు చదువుకున్నవాడే, చెప్పగానే అర్థం చేసుకుంటాడు. మీ తమ్ముడు బుద్ధిమంతుడోయ్" అన్నాడు అక్కతో. అక్క నవ్వలేదు. ఉప్పు ఎక్కువైందని ఆయన, లేదని ఆమె. నేను చెయ్యి కడుక్కుని పైకొచ్చేశాను.

కింద ఏదో పడింది. తర్వాత ఇంకోసారి. బావ టీవీ సౌండ్ మరీ ఎక్కువ పెడతాడు. ఫ్యాను వేగం పెంచుకుని పరీక్ష పేపర్లు దిద్దాను.

మార్చి 16, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. పళ్ళు తీసుకెళ్ళాను. తొక్క తీసి తినడానికి అతనికి వేళ్ళు లేవని వార్డు గుమ్మంలో గుర్తొచ్చి, ఆ సంచీ బల్ల కింద వదిలేశాను.

వెల్డర్ భార్య అడ్డం నిలబడింది. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాదు. "ఎందుకొచ్చారు? ఇంకేం మిగిలిందని?" అంది. ఆయన్ని బతికించడానికే ఆ పని చేశానమ్మా అన్నాను. ఆమె నా ముఖం మీద ఉమ్మింది. వార్డులో అందరూ చూశారు. తుడుచుకున్నాను.

"రానీ" అన్నాడు వెల్డర్ లోపలి నుంచి.

రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. ఒక కన్ను కొంచెం తెరుచుకుంది. ఇంతకాలం నాకు తెలిసిన ఆ పెద్ద నోటిలోంచి చాలా చిన్న గొంతు వచ్చింది.

"ఎందుకు సార్ కాదన్నారు?"

"నిన్ను చంపేసేవాళ్ళు."

"చంపేవాళ్ళే. అది నా గొడవ. సంతకం పెట్టమన్నప్పుడల్లా నేనేమన్నానో తెలుసా? ప్రొఫెసర్ గారు రాశారు, ఆయన మాట మారదు, నేనెందుకు మార్చాలి అన్నా. వేలు విరిచినప్పుడల్లా అదే అన్నా. ఐదో రోజు మీ కాగితం తెచ్చి చదివి వినిపించారు. నవ్వారు సార్. నన్ను కొట్టకుండా కూర్చుని నవ్వారు."

నేను అతని కట్ల వైపు చూశాను.

"24న నేను వెళ్తున్నా. మంచంతో సహా మోసుకెళ్ళమని చెప్పా. మీ కాగితం చూపించి నన్ను దొంగసాక్షి అంటారు, కేసు పెట్టి మళ్ళీ ఆ గదికే తీసుకెళ్తారు. ఈసారి బయటకి రాను. మిమ్మల్నీ పిలిచారంట కదా? ఆ కాగితం తప్పని చెప్పండి. ఇంకేం అడగను."

చెబుతానన్నాను. వాళ్ళావిడ పక్కనుంచి, "చూద్దాం" అంది.

మార్చి 17

అక్క టీ తెచ్చింది. కప్పు పెట్టబోతే చేతి మీద బట్ట పైకి జరిగింది.

గాయాల రంగుల మీద నేను ఒక అధ్యాయమే రాశాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. మొదటిది నిన్నటిది, చివరిది రెండు వారాలనాటిది. ఒకే ఒంటి మీద అన్ని రంగులూ ఉంటే అది ప్రమాదం కాదు, పద్ధతి ప్రకారం కొట్టడం అని రాశాను. పోస్టుమార్టం ఫోటోల్లో అయితే దూరం నుంచే చెప్పేస్తాను. అక్క చేతి మీద అన్ని రంగులూ ఉన్నాయి. పైన నాలుగు వేళ్ళ అచ్చు, లోపలి వైపు బొటనవేలు.

"అక్కా."

ఆమె బట్ట సర్దుకోలేదు. కావాలనే సర్దుకోలేదనుకుంటాను. "ఇప్పుడు కనబడిందా? పర్వాలేదు, కళ్ళజోడు పనిచేస్తోంది" అంది. చిన్నప్పుడు నేను లెక్క తప్పు చేసినప్పుడు వెక్కిరించే గొంతుతోనే అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు పై గదిలోకి రాకముందు నుంచి. నువ్వుంటే తగ్గుతుందనుకున్నా. నీ ఫ్యాను చప్పుడు కిందికి వినబడుతుంది తెలుసా? కింద మొదలవగానే పైన జోరు పెరుగుతుంది."

ఆమె వెళ్ళిపోయాక కూడా టీ ముట్టుకోలేదు. నేను టీవీ అనుకున్నాను. లేదు, అనుకోలేదు. తెలుసు నాకు.

మార్చి 18, మంగళవారం

కిందికి వెళ్ళాను. బావ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అక్క మీద చెయ్యి వేస్తే ఊరుకోను అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే ఎంత డొల్లగా ఉందో నాకే వినబడింది.

ఆయన నురగ తుడుచుకున్నాడు. రేజరు కడిగి జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత నా గొంతు పట్టుకుని వెనక్కి నెట్టాడు. తల గోడకు తగిలింది. పిడికిలి మూతి మీద పడింది, అది మొదటిది. కింద పడ్డాక డొక్కల్లో తన్నాడు. అక్క వచ్చి అడ్డుపడితే ఆమెను జుట్టు పట్టి పక్కకు విసిరాడు. ఆమె తల తలుపు గడపకు తగిలిన చప్పుడు వినబడింది. మళ్ళీ నా దగ్గరకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయాసం కూడా లేదు.

"24న నోరు జారావనుకో, నీకేమీ కాదు. చదువుకున్నవాడివి, పేరున్నవాడివి, నిన్ను ఎవడూ ముట్టుకోడు. ఇంటికొచ్చాక దీనికి అవుతుంది. అర్థమైందా?"

అర్థమైందన్నాను. అర్థమైందండీ అన్నాను.

మార్చి 19

పన్ను పోయింది. నా జీవితంలో తిన్న మొదటి దెబ్బలు ఇవి. ఇరవై ఏళ్ళుగా ఈ విషయం మీద రాస్తున్నాను, దెబ్బ పడే ముందు మనిషి కళ్ళు మూసుకుంటాడని ఎక్కడా రాయలేదు. తర్వాత కొట్టినవాడికి అండీ చేర్చి మాట్లాడతాడని కూడా రాయలేదు.

వెల్డర్ చేర్చలేదు. "నీ కళ్ళ ముందే వేశా" అన్నాడు.

మార్చి 22, శనివారం

బావ డ్యూటీకి వెళ్ళాక అక్క పైకి వచ్చింది. నుదుటి మీద కుట్లు.

"ఎల్లుండి ఏం చెప్తావు?"

"నీకేం కాకుండా చూసుకుంటాను."

"నేను అడిగింది అది కాదురా."

"అక్కా, ఆయన అన్నది విన్నావు కదా. నేను నిజం చెబితే నిన్ను చంపేస్తాడు. ఎక్కడికైనా వెళ్ళిపో అంటే వెళ్ళవు."

"ఎక్కడికెళ్ళాలి? ఏ ఊరికెళ్ళినా స్టేషన్ ఉంటుంది, అక్కడ ఆయన స్నేహితుడుంటాడు." కాసేపు కిటికీలోంచి గేటు వైపు చూసింది. "ఆ వెల్డరుకి పిల్లలున్నారా?"

ఉన్నారన్నాను. దిగి వెళ్ళిపోయింది.

మార్చి 23

అక్క కోసం. నా భయం ఇందులో ఏమీ లేదు. పూర్తిగా అక్క కోసమే.

మార్చి 24, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాత పాఠశాల హాలులో విచారణ. జడ్జికి బల్ల, సాక్షికి ఒక కర్ర బోను, మిగతావాళ్ళకు బెంచీలు. ముందు వరసలో బావ, యూనిఫాంలో, పక్కన వాళ్ళ లాయరు. చనిపోయిన కుర్రాడి తల్లి రెండో వరసలో కూర్చుంది. ఆమె ముఖంలోకి చూడకుండా వెళ్ళి కూర్చున్నాను.

వెల్డర్‌ని చక్రాల కుర్చీలో తెచ్చారు. ప్రమాణం చెయ్యమంటే కట్లున్న చెయ్యి ఎత్తాడు. వల ఎలా పీకాడో, కమ్మీ ఏ కొలతకు కోశాడో, అతుకు ఎక్కడెక్కడ పడిందో అంతా చెప్పాడు. ఎడమ వైపు అతుకు తొందరలో సరిగా రాలేదని, అది తనకు ఇప్పటికీ సిగ్గుగా ఉందని కూడా చెప్పాడు. హాలులో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు, రాసుకున్నారు.

లాయరు లేచాడు. అతని చేతిలో నా సవరణ. "ఈయన్ని ప్రపంచానికి పరిచయం చేసిన ప్రొఫెసర్ గారే ఈయన మాట నమ్మదగింది కాదన్నారు. ఈయన్ని దొంగసాక్ష్యం కింద అరెస్టు చెయ్యడానికి అనుమతి కోరుతున్నాను" అన్నాడు. జడ్జి నన్ను పిలిచారు.

బోనెక్కాను. బావ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా మడత కూడా నలగలేదు.

"మీరు వ్యాసం రాశారు. తర్వాత వెనక్కి తీసుకున్నారు" అన్నారు జడ్జి. "రెండిట్లో ఏది నిజం?"

వెల్డర్ తెరుచుకున్న ఆ ఒక్క కంటితో నన్ను చూస్తున్నాడు.

"సవరణే నిజమండీ" అన్నాను.

ఆ మాట అన్నాక ఎంత హాయిగా అనిపించిందో కూడా రాయాలి. గుండెల మీంచి బండ దిగినట్టయింది. అక్క బతుకుతుంది, నేను ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు. వెల్డర్ తల దించుకున్నాడు. కుర్చీ వెనక నిలబడ్డ వాళ్ళావిడ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు అప్పుడే గోడ దగ్గర నుంచి కదిలారు.

"వాడు నా కోసం అబద్ధం చెప్తున్నాడండీ. నేను చెప్పమనలేదు."

వెనక వరస నుంచి. అక్క. ఎప్పుడొచ్చిందో తెలియదు. నుదుటి కుట్లు కప్పుకోలేదు.

బావ లేచాడు. "ఏయ్, ఇంటికి పో" అన్నాడు, ఇంట్లో అనే గొంతుతోనే. హాలంతా వినబడింది. జడ్జి బల్ల మీద కొట్టి ఆయన్ని కూర్చోమన్నారు.

అక్క ఆగలేదు. "ఆ రోజు పొద్దున ఈయన స్టేషన్ నుంచి నాకు ఫోన్ చేశాడండీ. మన గేటు అతికించినవాడి నంబరు ఇవ్వు, లాకప్ కిటికీకి కమ్మీ వెయ్యాలి, అర్జెంటు అన్నాడు. నంబరు ఇచ్చింది నేనే. అప్పటికే ఆ అబ్బాయి పోయాడని నాకు సాయంత్రం దాకా తెలియదు. మొన్న విచారణ వేశారని తెలిశాక ఆ సంగతి అడిగితే ఇది జరిగింది." కనుబొమ చూపించింది. "ఇదీ, ఇదీ, తర్వాత జరిగాయి."

కుర్రాడి తల్లి వెనక్కి తిరిగి ఆమెనే చూస్తోంది.

లాయరు ఏదో అనబోయాడు. జడ్జి చెయ్యెత్తి ఆపి, అక్కను ముందుకు రమ్మన్నారు. ఆమె బెంచీల మధ్య నుంచి, బావ మోకాళ్ళ పక్క నుంచే నడిచి వచ్చింది. ఆయన చాపిన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, ఆమె వాటిని దాటింది.

"అమ్మా, కూర్చోండి" అన్నారు జడ్జి. "మీరు భయపడితే అందర్నీ బయటకు పంపిస్తాను. మీ వివరాలు రికార్డులో లేకుండా అంకె వేసి రాసుకోవచ్చు, మీరెవరో బయటకు తెలియదు. అలా చేయమంటారా?"

"వద్దండీ" అంది అక్క. "నన్ను కొట్టేవాడికి నేనెవరో తెలుసు. తెలియనిది మిగతావాళ్ళకే."

ఆమె బోను దగ్గరకొచ్చి ఆగింది. అందులో ఒక్క మనిషికే చోటుంది, నేనింకా అక్కడే ఉన్నాను. నా వైపు చూడలేదు, నేను తప్పుకోవడం కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

తప్పుకునే ముందు చెప్పాను. గొణిగినట్టు వచ్చింది. పక్కన రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి తలెత్తాడు.

"ఏమన్నారు? వినబడలేదు. గట్టిగా చెప్పండి."

"సవరణ అబద్ధం" అన్నాను. "ఇందాక ప్రమాణం చేసి చెప్పింది కూడా అబద్ధం. ఈ వెల్డర్ చేతిని మా బావ విరగ్గొడుతుంటే నేను అక్కడే నిలబడి చూశాను."